ఎస్సేకు వంత

నాగరాణికి ఇంగ్లీషు ఎస్సే నోట్లెకెల్లి రాదు, కాలుకెల్లి వస్తది. కుడికాలు బొటనవేలు నేలకు తాకుతుంటెనే మొదటి మాట లేస్తది. మడిమె ఆనంగనె రెండోది. గట్ల దరువు మీద దరువు పడుకుంట పోతే మూడు పేజీల ఎస్సే ఎక్కడ ఆగకుంట ఒడుస్తది. కాలు ఆపిందా, ఇగ అంతే సంగతులు.

ఈ ముచ్చట క్లాసుల ఎవ్వలికి తెల్వకుండనే డిగ్రీ ఆఖరు సంవత్సరం దాక నెట్టుకొచ్చింది. ఆఖరు ఇంగ్లీషు పరీక్ష ఇంక వారం కూడ లేదనంగ బయటవడ్డది. పడేది పడేది యాదగిరి సారు ముంగటనే పడాల్నా?

నల్లగొండల ఆ కాలేజీకి వచ్చేటోళ్లల్ల శానమంది ఊర్ల పిల్లలు. ఇంగ్లీషంటె గుండె గుబుక్కుమంటది. అందుకే యాదగిరి సారు ప్రతి యేడు కొన్ని ఎస్సేలు చెప్పి రాయిస్తడు, పిల్లలు బట్టీ కొడ్తరు. "ఎస్సేలను పట్టుకున్నవాళ్లు ఒడ్డున పడతారు. గ్రామర్‌ను నమ్ముకున్నవాళ్లు గంగలో కలుస్తారు" అనుడు సారుకు అలవాటు. మాటంత అచ్చు పుస్తకం మాట. ఆలేరు దిక్కు ఊరే అంటరు గని, ఆ నోట్లెకెల్లి ఒక్క 'గిట్ల' రాదు, ఒక్క 'గట్ల' రాదు.

ఆ దినం సారు ఒక్కొక్కల్ని లేపి ఎస్సే ఒప్పజెప్పిచ్చుకుంటున్నడు.

"నాగరాణీ, మొబైల్ ఫోన్."

లేచింది. ఆ ఎస్సే ఆమెకు మస్తు వచ్చు. "ది మొబైల్ ఫోన్ ఈజ్ ఎ వండర్‌ఫుల్ ఇన్వెన్షన్ ఆఫ్ సైన్స్" అని ఎత్తుకున్నది. మొదటి పేరా చక్కగ సాగింది. రెండో పేరాకు కాలు దానంతటదే మొదలువెట్టింది. కాలు ఎంబడి గొంతు గూడ పోయింది. "ఇట్ హ్యాజ్ మేడ్ ది వరల్డ్ ఎ స్మా...ల్ విలేజ్" అని కొసకు సాగదీసి, బాపు మల్లన్న కతల పసుపు బండారి జల్లేటప్పుడు ఎట్ల ఎత్తుకుంటడో గట్లనే ఎత్తుకున్నది. ఎత్తుకున్న సంగతి ఆమెకే తెల్వదు. ఎన్క బెంచీలల్ల కిసకిస మొదలైనంక తెలిసింది.

సారు చెయ్యి లేపిండు. "ఆపు. ఏమిటమ్మా ఇది? ఇంగ్లీషా, ఒగ్గుకథా?"

క్లాసంత గొల్లుమన్నది. ఆడికన్న ఇడిసిపెట్టిండా? పెట్టలే. "ఒగ్గుకథే అయితే అదైనా సరిగ్గా చెప్పు. రెండో ఎత్తుగడకు ముందు వంతకు జాగా ఇవ్వాలి. ఇవ్వకుండానే పరుగెత్తావు" అన్నడు. మల్ల నవ్వులు. "పరీక్ష హాల్లో ఇట్లా ఊగుతూ కూర్చుంటే బయటికి పంపిస్తారు. కూర్చో."

కూసున్నది. చెవులు కాలిపోయినయి. కత చెప్పెటోడు ఒక చరణం చెప్పి ఆగాలె, పక్కపొంటి ఉన్న వంతగాడు 'ఆఁ' అనాలె, 'అటెన్క?' అని అడగాలె, అప్పుడే కత ముంగటికి కదులుతది. సారు అన్నది నిజమే. ఆమె ఆగకుండనే ఉరికింది. అబద్ధమైతే తిట్టుకొని ఊకుండేది గదా, నిజమయ్యేసరికి ఇంకింత మండింది.

ఆమె పక్కన కూసునే షగుఫ్తా పానగల్ పిల్ల. బస్టాండు దాక ఎంబడి వచ్చింది. "జర సైలెంటుగ ఉండకే, ఏమన్న అను" అన్నది. నాగరాణి బస్సు వచ్చే దిక్కే సూసింది. "మా ఇంట్ల పిల్లలంత ఖురాన్ సిపారా ఊగుకుంటనే నేర్సిన్రు. మా దాదీ ఇప్పటికి ఊగుతది. ఊగకుంట చదువు నెత్తికెట్ల ఎక్కుతదే? సారుకేం ఎర్క!"

"సారుకు ఎర్క లేకపోతే మాయె. క్లాసందరికి ఎర్కైంది గద, నేను ఒగ్గోల్ల పిల్లనని."

"అయితే ఏంది?"

అయితే ఏందో నాగరాణికి చెప్పరాలే. మునుగోడు బస్సు వచ్చింది, ఎక్కింది.

*

ఆమెకు ఎం.ఏ. ఇంగ్లీషుల సీటు గావాలె. అంతకన్న ఏం లేదు. వాళ్ల ఊరి బడిల ఇంగ్లీషు జెప్పెటోళ్లు ఆర్నెల్లు ఉంటె గొప్ప. ఒకరు పోయినంక ఇంకొకరు వచ్చేదాంక ఆ పీరియడ్ల పిల్లలు ఉత్తగ కూసునేది. ఆ కుర్సీల తను కూసోవాల్నని ఏడో తరగతి సంది మనసుల పెట్టుకున్నది. సీటు రావాల్నంటె ఈ పరీక్షల మంచి మార్కులు రావాలె. గ్రామరు ఆమెకు ఎప్పుడు గండమే. ఇగ మిగిలినయి ఎస్సేలు. తల్లి గుర్వమ్మ ముందే చెప్పింది: "ఈ ఒక్కసారి సూస్త బిడ్డా. ఇంగ్లీషు కుదిరితె హైద్రాబాదుకే పో, నేనద్దన. కుదరకపోతె మాత్రం ఇంట్ల ఉండి గొర్లను సూస్కో. మీ బాపు మోకాళ్లు ఇంక ఎన్నొద్దులు తిరుగుతయి?"

పరీక్ష ముందు సెలవులకు ఇంటికి వచ్చిన నాగరాణి అరుగు మీద చాప పర్సుకొని కాళ్లు మడుసుకున్నది. కావాల్నని మడుసుకున్నది, కదలకుంట. పెదవులు గూడ కదపొద్దనుకున్నది. అందరు ఎట్ల చదువుతరో గట్ల చదువుత అనుకున్నది. పొద్దు నెత్తిమీదికి వచ్చింది గని మొబైల్ ఫోన్ రెండో పేరా దాటలే. నిన్నటిదాంక నీళ్లు తాగినట్టు వచ్చిన కాలుష్యం ఎస్సే, చెట్ల ఎస్సే గూడ ఎగిరిపోయినయి. కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడిందంటరే, అదే కత.

"ఏందే, గట్ల మూగదాని లెక్క కూసున్నవ్?" అన్నది గుర్వమ్మ ఇంట్లకెల్లి. "ఎప్పుడు ఇల్లెగిరిపోయేటట్టు సదువుతవ్ గద!"

"ఇగ గట్ల సదువ."

"ఎందుకు సదువవ్?"

తల్లి అడుగుడు ఆపదు. బువ్వకాడ మల్ల అడిగింది, నీళ్లకాడ మల్ల అడిగింది. పొద్దుమూకే యాల్లకు నాగరాణి కండ్లల్ల నీళ్లు వెట్టుకొని అంత చెప్పేసింది. అప్పుడే మందను దొడ్లెకు తోలి వచ్చిన బాపు పర్వతాలు గడప కాడ చెప్పులిడుస్తున్నడు. ఇన్నడు.

గుర్వమ్మ గయ్యిమన్నది. "వానికేం పుట్టింది? బువ్వ వెట్టిన కత మనది. నవ్వుతడా?"

పర్వతాలు కాళ్లు కడుక్కొని వచ్చి కూసున్నడు. "తప్పేమన్నడే? ఒగ్గుకత తీరు ఉంటె ఒగ్గుకతనే అన్నడు" అన్నడు. అన్నడు గని బిడ్డ మొఖం దిక్కు సూడలే. గోడ మీద డోలు దిక్కు సూసిండు. డోలుకు గుర్వమ్మ పాత చీర కట్టింది, దుమ్ము పడొద్దని.

ఆ డోలు దించక శాన రోజులైంది. ఇప్పుడు మల్లన్న పండుగైనా డీజేనే, బోనమైనా డీజేనే. కత పెట్టిచ్చెటోళ్లు లేరని గాదు. ఆడాడ పిలుస్తరు. ఒగ్గు డమరుకం పట్టుకొని అర్ధగంట నిలవడి ఫోటో దిగిపొమ్మంటరు. "కత అర్ధగంటల ఒడ్వదయ్యా" అని పర్వతాలు పోవుడు బందు వెట్టిండు.

నాగరాణికి మాత్రం ఆ దినాలు ఇప్పటికి కండ్లల్లనే ఉన్నయి. ఊరంత చాపలు, గొంగళ్లు ఏసుకొని వచ్చేది. చంటిపిల్లల తల్లులు ముంగట, ముసలోళ్లు గోడ పొంటి. బాపు గజ్జెలు గట్టి, పసుపు వూసుకొని నిలవడితే ఇంట్ల గొర్ల పెంట ఎత్తే మనిషేనా ఈయన అనిపించేది. తనకు అప్పుడు ఎన్మిదో తొమ్మిదో ఏండ్లు. అసలు వంతగాల్లు ఇద్దరు ఉన్నా, బాపు మోకాలి పక్కన తనను గూడ కూసోవెట్టుకునేది. బాపు ఆగంగనె తన సన్నగొంతుతోటి "ఆఁ... అటెన్క?" అనాలె. ఒక్కొక్కసారి నిద్ర వచ్చి అనకపోయేది. బాపు మోకాలితోటి మెల్లగ తాకేది. ఉలిక్కిపడి "అటెన్క?" అని ఒర్రేది, జనమంత నవ్వేది. ఆ నవ్వు మంచి నవ్వు. ఆ నవ్వుల ఇజ్జత్ పోవుడనేది లేకుండె. మొన్న క్లాసుల నవ్విన నవ్వు గట్లాంటిది గాదు, అదే ఆమెకు చెప్పరాలే షగుఫ్తాకు.

*

తెల్లారి పర్వతాలు దొడ్లె ఉన్ని కత్తిరిస్తున్నడు. ఇప్పుడందరు పెంచేటియి బొచ్చు లేని ఎర్ర గొర్లు. ఉన్ని గొర్లు, అదే నల్లయి, పర్వతాలు మందల కొన్నే మిగిలినయి. 'కురుమోని ఇంట్ల గొంగడికన్న ఉన్ని ఉండొద్దా' అని వాటిని అమ్మడు. గొర్రెను ఎల్లెలకల పండవెట్టి, కాళ్లు గట్టి, మెడమీద మోకాలు ఆనిచ్చి, పెద్ద కత్తెరతోటి పొట్ట దిక్కుకెల్లి మొదలువెడ్తడు. కిర్రు, కిర్రు, కిర్రుమని కత్తెర ఒక్క తీరుగ పోతది. ఉన్ని చాపచుట్టినట్టు లేచి వస్తది.

నాగరాణి దొడ్డి గోడకు ఒరిగి నిలవడ్డది. చేతుల ఎస్సేల కాగితాలు. కత్తెర సప్పుడుకు బొటనవేలు కదిలింది. ఎంటనే ఆపుకున్నది.

"జెప్పు" అన్నడు పర్వతాలు తల ఎత్తకుంట.

"ఏం జెప్పాలె?"

"నీ సెల్లుఫోను కత. వంతకు జాగ ఇయ్యలేదన్నడట గద మీ సారు. ఇయ్యి మరి. నేనుంటి గద."

"ఇంగ్లీషు నీకు వస్తదా బాపూ?"

"వంతకు ఇంగ్లీషెందుకే? కత నీది. 'ఆఁ' అనుడే గద నాది."

నవ్వొచ్చింది ఆమెకు. ఏడుపు గూడ వచ్చింది. కాగితాలు గోడ మీద పెట్టి ఎగరకుంట రాయి పెట్టింది. "ది మొబైల్ ఫోన్ ఈజ్ ఎ వండర్‌ఫుల్ ఇన్వెన్షన్ ఆఫ్ సైన్స్..." కత్తెర కిర్రు కిర్రుమంటున్నది. పేరా ఒడిసి ఆగింది. కత్తెర గూడ ఆగింది. "ఆఁ... అట్లనా! అటెన్క?" అన్నడు పర్వతాలు. ఎన్నేండ్లాయెనో ఆ మాట ఇని. అవతల్నుంచి ఎవలో నీళ్లు తోడి వోసినట్టు రెండో పేరా వచ్చింది. అటెన్క మూడోది. ఎస్సే ఒడిసేవరకు గొర్రె ఒకపక్క నున్నగైంది.

"మంచిగున్నది. ఏముంది అండ్ల?" అని అడిగిండు.

"సెల్లుఫోను తోటి లోకమంత ఒక చిన్న ఊరైందని ఉన్నది."

"గట్లనా? మరి మన ఊరేమైంది?"

"అది ఎస్సేల లేదు బాపూ."

ఆ పూట, మర్నాడు గూడ దొడ్లెనే చదువు. తెలుగు వంత ఇంగ్లీషు ఎస్సేకు పొసగుతలేదని నాగరాణికి ఒక శేష్ట పుట్టింది. "అట్లనా అంటె 'ఈజ్ ఇట్ సో?' అను బాపూ. అటెన్క అంటె 'అండ్ ఆఫ్టర్ దట్?' అను" అని నేర్పింది. పర్వతాలు నోరు తిరిగేదాంక గొర్లతోటి అన్నడు, కుక్కతోటి అన్నడు. బువ్వ వెడ్తున్న గుర్వమ్మ "గడ్డపెరుగు ఒడిసింది" అంటె "ఇజ్జిట్సో!" అన్నడు. గుర్వమ్మ గంటె ఎత్తింది. "నీ ఇజ్జిట్సో పాడుగాను! ముసలితనంల ముచ్చట్లు జూడు!" శానొద్దులకు ఆ ఇంట్ల ముగ్గురు ఒక్కపారి నవ్విన్రు.

ఎస్సేలన్ని మల్ల వచ్చినయి. హాల్ల కాలు కదపకుంట, లోపట్నే దరువు వేసుకొని రాసుడు గూడ అలవాటు చేసుకున్నది. బాపు వంత ఎక్కడెక్కడ పడుతదో అదంత మనసుల పడిపోయింది. ఇగ ఫికర్ లేదనుకున్నది.

*

పరీక్ష హాల్ల ఫ్యాన్లు తిరుగుతున్నయి గని గాలి లేదు. జీనత్ మేడం కాపలా. ఇంకో కాలేజీ నుంచి వచ్చిన మనిషి, నవ్వు మొఖమే గని నజర్ గట్టిది. ప్రశ్న కాగితం ఇచ్చిన్రు. చిన్న ప్రశ్నలన్ని రాసుకుంట పోయి, ఆఖర్న ఎస్సే కాడికి వచ్చింది. మొబైల్ ఫోను వల్ల మన బతుకులల్ల వచ్చిన మార్పు. నాగరాణి పానం లేచి వచ్చింది. బీరప్ప దేవుడా, నీ కడుపు సల్లగుండ!

మొదటి పేరా ఎక్కడ ఆగకుంట రాసింది. లైను ఇడిసి ఇంకో రెండు మాటలు రాసింది. రాసినంక సూసుకున్నది. 'ఈజ్ ఇట్ సో? అండ్ ఆఫ్టర్ దట్?'

బాపు వంత! బాపు వంతను గూడ ఎస్సేల కలిపి రాసింది. లోపట దరువు పడుతుంటె చెయ్యి దాని పని అది చేసుకుంట పోయింది. గబగబ కొట్టేసింది. కొట్టేసి రెండో పేరా కోసం చూసింది. రాలే. ఎంత గుంజినా రాలే. ఆ పేరా ఎప్పుడు బాపు అడిగినంకనే గద వచ్చేది. అడుగుడు కొట్టేసినంక అది మాత్రం ఎందుకు వస్తది?

బొటనవేలు కదిలింది. జీనత్ మేడం ఆ సప్పుడుకు ఇటు సూసింది. వేలు చెప్పుల దాసుకున్నది. చుట్టూత అందరివి పెన్నులు పోతున్నయి. పక్క వరుసల షగుఫ్తా మెల్లగ ముందుకు ఎన్కకు ఊగుకుంట రాస్తున్నది. టైం పోతున్నది. సీటు పోతున్నది. గొర్ల దొడ్డి, మేతకు నరికే తుమ్మకొమ్మలు, ఊరి బడిల ఖాళీ కుర్సీ, అన్ని కండ్ల ముంగట తిరిగినయి.

కొట్టేసిన దాని కింద మల్ల అదే రాసింది. 'ఈజ్ ఇట్ సో? అండ్ ఆఫ్టర్ దట్?' ఇప్పుడన్న వస్తదేమోనని చూసింది. రెండో పేరా అయితే రాలే. బాపు వచ్చిండు. మోకాలి కింద గొర్రె, చేతుల కత్తెర, మొఖం పైకెత్తి అడుగుతున్నడు. 'మరి మన ఊరేమైంది?'

వంతగాడు అడిగినంక కతకుడు ఊకుండొద్దు. మాట మర్సిపోయినా సరే, ఏదో ఒకటి చెప్పి కతను నడపాలె. నిలవడ్డ కత దేవునికి కోపం అంటరు. ఆమె చెప్పవట్టింది. వచ్చిన చిన్న చిన్న ఇంగ్లీషు మాటలతోటే. మా నాయిన కతలు చెప్పెటోడు. చెప్పుతుంటే ఊరంత ఆయన మొఖం దిక్కు చూసేది. ఈజ్ ఇట్ సో? అండ్ ఆఫ్టర్ దట్? అటెన్క మా ఊరికి ఫోన్లు వచ్చినయి. మా నాయిన కత చెప్తుంటే జనం కూసున్నరు గని వాళ్ల తలకాయలు కిందికి ఉన్నయి. వాళ్ల మొఖాల మీద వాళ్ల ఒళ్లెకెల్లి ఎలుగు పడుతున్నది. మా నాయిన తలకాయలకు కత చెప్పిండు. అండ్ ఆఫ్టర్ దట్? ఒకసారి ఆయన చెప్పుకుంట చెప్పుకుంట నడిమిట్ల ఆగిండు. వంతగాడు గూడ ఫోను చూస్తున్నడు. అటెన్క అని ఎవ్వలు అడగలే. మా నాయిన డోలును గోడకు తగిలిచ్చిండు.

ఆ దినం నాగరాణి అక్కడనే ఉన్నది. తనకు గూడ కొత్త ఫోను కొనిచ్చిన్రు అప్పుడే. ఆ ముచ్చట రాసిందో లేదో ఆమెకు యాది లేదు. 'అండ్ ఆఫ్టర్ దట్?' అని రాసుడు మాత్రం యాదున్నది. గంట కొట్టిన్రు. జీనత్ మేడం కాగితాలు గుంజుకున్నది.

*

"నా నోరు నీ పేపర్లకు వచ్చిందా?" అన్నడు పర్వతాలు. ఇంటికొచ్చిన బిడ్డ చెప్పిందంత ఇని ఆయన మొఖం మాడిపోయింది. "తప్పైంది బిడ్డా. నేనే చెడగొడ్తి. మీ సారు ముందే చెప్పె గద, ఒగ్గుకత పనికిరాదని. ఆయన చెప్పినట్టు ఇన్న పోరిని నేనే కూసోవెట్టి..."

"నువ్వేం జేసినవ్ బాపూ? రాసింది నేను."

ఇనలే. రెండొద్దులు మందను గుట్ట దిక్కు తోలుకపోయిండు గని మనసంత ఇంటికాడనే. మూడో పొద్దు తెల్లారంగనె తెల్లధోతి కట్టిండు. సంచిల తాటిముంజలు వెట్టుకున్నడు. "పా, సారును కలుద్దాం. పేపర్లు వాళ్లే దిద్దుతరంటివి గద. కాళ్లు మొక్కన్న చెప్త. తప్పు పోరిది గాదు, నాదని."

"గట్ల అడగొద్దు బాపూ! పేపర్ల మీద పేర్లుండయి. ఉన్నా అడగొద్దు."

"మార్కులెవలు అడుగుతున్నరే? తప్పు ఒప్పుకుంటందుకు పోతున్న."

ఆపితే ఆగే మనిషి గాదు. నాగరాణి ఎంబడి పోయింది, సిగ్గుతోటి సగం సచ్చుకుంట.

యాదగిరి సారు స్టాఫ్ రూముల ఒక్కడే ఉన్నడు. బల్ల మీద కట్టలు కట్టలు జవాబు పేపర్లు, చేతుల ఎర్ర పెన్ను. పర్వతాలు గడప బయట చెప్పులిడ్సి దండం వెట్టిండు. "సారూ, నేను నాగరాణి బాపును. ఒక తప్పు ఒప్పుకుంటందుకొచ్చిన" అని సంచి కింద పెట్టిండు.

"ఏమిటది?" అన్నడు సారు సంచి దిక్కు సూసి.

"ముంజలు సారూ. లంచం గాదు. ఉత్తచేతులతోని రావద్దని." అని అంత చెప్పిండు. గొర్రెలు, కత్తెర, ఇజ్జిట్సో, అంత. "నాకు తెల్వక చేసిన. పోరి మంచిగ సదువుకున్నది. నడిమిట్ల నా వంత అడ్డం పడ్డది. ఎవలన్న కోపం వెడితే నా మీద పెట్టున్రి గని..."

సారు పెన్ను మూతపెట్టిండు, మల్ల తీసిండు. నాగరాణి దిక్కు సూడలే. "పేపర్ల సంగతి నేను మాట్లాడకూడదు" అన్నడు. "ఆ వంత... ఎట్లా వేశారు?"

"ఏముంది సారూ. పోరి చెప్తుంటే నేననుడే." పర్వతాలుకు చేతులతోటి చెప్పుడు రాదు, గొంతుతోటే వస్తది. అక్కడనే, గడప కాడనే, బిడ్డ ఇంట్ల తెలుగుల చెప్పిన ఎస్సేను ఎత్తుకున్నడు. "ఊరి నిండ జనముండె, జనము నిండ కత ఉండె, సెల్లు ఫోను వచ్చెనయ్యో..." సన్నగనే ఎత్తుకున్నడు గని ఆ రూము గోడలు మోగినయి. చరణం ఒడ్వంగనె ఆగిండు. అలవాటు మనిషి గద, వంతకు జాగ ఇడిసిండు. బిడ్డ దిక్కు సూసిండు. నాగరాణి వరండా దిక్కు సూసింది. సిగ్గు, భయం, పక్క రూములకెల్లి ఎవలన్న వస్తరేమోనని దడ.

"ఆఁ..."

అన్నది సారు. జరంత ముందు గాదు, ఎన్క గాదు. ఎక్కడ పడాల్నో అక్కడనే పడ్డది, పడాల్సిన రాగంల పడ్డది. ఎర్ర పెన్ను బల్ల మీద దరువు కొట్టింది. గిట్ల అనుడు పుస్తకంల నేర్సుకునేది గాదు. ఏ కతకుని మోకాలి పక్కన కూసోని, నిద్రవోతే మోకాలి దెబ్బ తిని నేర్సుకునేది. నాగరాణికి ఆ సంగతి ఇంకెవలు చెప్పనక్కర లేదు.

పర్వతాలు ఇచ్చంత్రపోలే. కత నడుస్తుంటె కతకుడు ఇచ్చంత్రపోడు. ఇంకో చరణం చెప్పిండు. "అట్లనా! అటెన్క?" అన్నడు సారు. అని, తన నోరు తనే ఇన్నట్టు ఆగిపోయిండు.

"మీదేడ సారూ?" అన్నడు పర్వతాలు మెల్లగ.

"ఆలేరు కాడ." ఆ పుస్తకం గొంతు యాడికి పోయిందో. "మా నాయిన పోచయ్య. ఆలేరు అంగడినాడు చెప్పేది. నేను వంత. ఎన్మిదో తరగతి దాక చేసిన. బల్లె పోరగాండ్లు నవ్విన్రని బందు వెట్టిన."

"పోచయ్య పేరు ఇన్న. మనిషిని జూడలే" అన్నడు పర్వతాలు. "డోలు ఉన్నదా?"

"ఉన్నది. తోలు పలిగింది."

"తోలుదేముంది, ఏస్త."

సారు నాగరాణి దిక్కు మళ్లిండు. అప్పుడు సూసిండు మొదటిసారి. "చెప్పగూడదు గని చెప్తున్న. మీ కట్ట మార్కులు మొన్ననే ఏసి లిస్టు పంపిన, మీ బాపు రాకముందే. ఎవలదో ఎర్క లేనట్టు నన్ను నేను నమ్మిచ్చుకొని దిద్దిన. పదికి తొమ్మిది." నాగరాణి దొడ్డి గోడను పట్టుకున్నట్టు తలుపును పట్టుకున్నది. తొమ్మిది! సీటు! ఇంట్ల గుర్వమ్మకు ఎప్పుడు చెప్పాల్నా అని ఒక్కపారి మనసు ఊరిదాంక ఉరికింది. "నేను చెప్పి రాయిచ్చిన ఎస్సే ఒకటే తీరుగ కట్టలు కట్టలు వచ్చింది" అన్నడు సారు. "దిద్ది దిద్ది యాష్టకొచ్చింది. ఈ ఒక్కటి దిద్దలే, చదివిన. ఆ దినం క్లాసుల నిన్ను నవ్వులపాలు జేసిన. గట్ల చెయ్యకుండాల్సింది."

నాగరాణి "మరి ఒక్క మార్కు ఎందుకు కోసిన్రు సారూ? వంత రాసిననా?" అన్నది. అన్నంక నాలుక కరుసుకున్నది.

"వంతకు కొయ్యలే. నడిమిట్ల ఇడిసిపెట్టినవ్ గద, దానికి కోసిన. 'అటెన్క?' అని అడిగి చెప్పకుంట లేచిపోతే ఎట్ల? మొన్నటి సంది నా నెత్తిల అదే తిరుగుతున్నది." సారు ఇంకో కుర్సీ గుంజి గడప దిక్కు ఏసిండు. "కూసోవే పెద్దాయనా. డోలు గోడకు తగిలిచ్చినంక, అటెన్క ఏమైంది?"

పర్వతాలు కుర్సీల కూసోలే. కతకుడు నిలవడే చెప్పాలె. ధోతి కొస సదురుకున్నడు, గొంతు సవరించుకున్నడు, బిడ్డ దిక్కు ఒక్కసారి సూసిండు.

"అటెన్క ఏమున్నది సారూ," అన్నడు, "నా బిడ్డ ఇంగ్లీషుల ఎత్తుకున్నది."

"ఆఁ" అన్నడు యాదగిరి సారు.